ఫోను కంపెనీలకు ఏటా అధిక మాసమే

ప్రశ్న: మేము చిక్కడపల్లిలో సొంత ఫ్లాటులో ఉంటున్నాం. మావారు రిటైరై ఆరేళ్లయింది. అబ్బాయి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాడు, కోడలు రోజూ ఆఫీసుకు వెళుతుంది. పోయిన నెల ఖాతా పుస్తకంలో ఫోన్లకు, టీవీకి, ఇంటర్నెట్‌కు పోయింది విడిగా కూడి చూస్తే 4,014 రూపాయలు తేలింది. బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైను 350, వేరే కంపెనీ ఇంటర్నెట్ 1,179, రెండు టీవీల డిష్షుకు 640, నలుగురి సెల్‌ఫోన్లకు 349 చొప్పున 1,396, అబ్బాయి పెట్టించిన ఓటీటీలకు 449. మా పాల బిల్లుకు ఇది రెట్టింపు. ల్యాండ్‌లైను తీసేద్దామంటే మావారు ఒప్పుకోరు, అది మా మామగారి కాలం నాటి నంబరు. నాకు రాత్రి సీరియళ్లు పోకూడదు. అబ్బాయిని అడిగితే ‘అన్నీ అవసరమేనమ్మా’ అంటాడు. ఎక్కడ తగ్గించుకోవచ్చు?
— ఒక గృహిణి, చిక్కడపల్లి

జవాబు: అమ్మా, ముందుగా మీ ఖాతా పుస్తకానికి నమస్కారం. ఈ విషయమై ఉత్తరాలు రాసేవారిలో చాలామంది ‘బాగా అవుతోంది’ అంటారు తప్ప ఎంత అవుతోందో చెప్పరు. మీరు దేని పద్దు దానికే విడిగా రాశారు కనుక సగం పని అయిపోయింది. అయితే ఆ లెక్కలో ఒక మెలిక ఉంది. మీ కూడిక సరైనదే, సెల్‌ఫోను కంపెనీల క్యాలెండరే వేరు.

349 రూపాయల రీచార్జి నెలకు కాదు, 28 రోజులకు. పదమూడు ఇరవై ఎనిమిదులు 364. అంటే ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు కడుతున్నారు. నలుగురికీ కలిపి సాలుకు 16,752 అవుతుందని మీరు అనుకుంటూ ఉంటారు, నిజానికి పోయేది 18,148. మన పంచాంగంలో అధిక మాసం మూడేళ్లకోసారి వస్తుంది. ఫోను కంపెనీల పంచాంగంలో ఏటా వస్తుంది. 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి పునరుద్ధరించుకునే ప్లాను ఒకటి తప్పనిసరిగా ఉంచాలని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అన్ని కంపెనీలకూ చెప్పింది. ఉంచారు కూడా, కాకపోతే యాప్ తెరవగానే కంటికి ఆనే చోట ఉండవు. ఏ ప్లాను చూసినా దాని ధరను రోజులతో భాగించండి. మీ 349 ప్లాను రోజుకు పన్నెండున్నర రూపాయలు పడుతోంది. 84 రోజులవి, 365 రోజులవి కూడా ఇలాగే భాగించి పక్కపక్కన రాస్తే ఏది చవకో మీ పుస్తకమే చెబుతుంది.

ఇక అసలు సంగతి. మీ ఇంట్లో దుబారా లేదు, ఒకే సరుకును రెండేసి చోట్ల కొనడం ఉంది. గోడకు వైఫై పెట్టె ఉండగా నాలుగు ఫోన్లలోనూ రోజుకు 2 జీబీ కొంటున్నారు. టీవీలో వచ్చే సీరియలే ఓటీటీలోనూ ఉంది, రెంటికీ డబ్బు కడుతున్నారు. కాబట్టి కంపెనీల ప్లాన్ల పట్టికలు ఇప్పుడే ముందు పెట్టుకోకండి. వాటిని చూస్తూ కూర్చుంటే ఏదో ఒకటి కొనబుద్ధి అవుతుంది, డబ్బు మాత్రం మిగలదు. ముందు ఇంట్లో ఎవరు ఏది వాడుతున్నారో ఒక వారం చూడండి.

ఫోన్లతో మొదలుపెట్టండి, అది అన్నిటికన్నా తేలిక. ఫోను సెట్టింగుల్లో ఈ నెల మొబైల్ డేటా ఎంత ఖర్చయిందో, వైఫై మీద ఎంత నడిచిందో విడివిడిగా చూపిస్తుంది. మా అమ్మ ఫోనులో చూసినప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. 28 రోజులకు 56 జీబీ కొని పెడుతున్నాను, ఆవిడ వాడింది ఒక జీబీ కూడా లేదు. అది కూడా గుడికి వెళ్లినప్పుడు వచ్చిన వాట్సాప్ ఫొటోలు. మిగతాదంతా ఇంటి వైఫై మీదే.

ఇలాంటి వారి కోసమే, డేటా లేకుండా మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్లాన్లు ఉంచాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. 2025 జనవరిలో అవి వచ్చాక ఎయిర్‌టెల్ 365 రోజులకు 1,849 రూపాయలు, జియో 336 రోజులకు 1,748 రూపాయలు పెట్టాయి. ధరలు అటూ ఇటూ అవుతుంటాయి, కట్టే ముందు ఆ రోజు ధర చూసుకోండి. ఇప్పుడు మీ ఒక్క ఫోనుకు ఏడాదికి 4,537 పోతోంది. 1,849తో పోలిస్తే 2,688 రూపాయల తేడా.

కాని ఒక్క జాగ్రత్త. డేటా లేని ఫోనుతో బయట యూపీఐ యాప్ పనిచేయదు. రైతుబజారులో వంకాయలు తూకం వేయించుకుని, బండి మీది క్యూఆర్ కోడ్‌కు ఫోను చూపించాక ఈ సంగతి గుర్తొస్తే ఇబ్బంది. మీరు ఇప్పటికీ చిల్లర డబ్బులు పర్సులో పెట్టుకుని వెళ్లేవారైతే నిశ్చింతగా మారండి. మీవారు మందుల షాపులో ఫోనుతోనే కట్టే అలవాటున్న మనిషైతే ఆయనకు ఇది వద్దు. రోజువారీ డేటా కాకుండా ఏడాది మొత్తానికి కలిపి కొన్ని జీబీలు ఇచ్చే ప్లాన్లు ఉంటాయి, ఆయనకు అలాంటిది చూడండి. అబ్బాయి ఫోను జోలికి వెళ్లకండి. ఎందుకో తరువాత చెబుతాను.

కంపెనీ మారాలనుకుంటే నంబరు పోదు. మారాల్సిన ఫోను నుంచి 1900కు ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, ఆ పది అంకెల నంబరు పంపితే ఒక కోడ్ వస్తుంది. అది నాలుగు రోజులే చెల్లుతుంది. ఆలోగా కొత్త కంపెనీ దుకాణానికి ఆధార్ కార్డుతో వెళ్లాలి. ఇప్పుడున్న కంపెనీలో కనీసం 90 రోజులు గడిచి ఉండాలి. కోడ్ వచ్చిన గంటలోనే పాత కంపెనీ నుంచి ‘అమ్మా, మీకోసం ప్రత్యేకంగా’ అంటూ ఫోను వస్తుంది. వినండి, తప్పులేదు. మరి ఆ ప్రత్యేకం నిన్నటిదాకా ఎక్కడ ఉందని అడగండి, అదీ తప్పులేదు.

ఇంటర్నెట్ సంగతికి వద్దాం. మీ 1,179ని తిరగేసి చూస్తే 999 రూపాయల ప్లాను మీద 18 శాతం జీఎస్టీ. కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది ఎప్పుడూ పన్ను కలపని ధరే. 499 అని రాసి ఉంటే 588.82 అని, 699 అని ఉంటే 824.82 అని చదువుకోవాలి. ఈ ధరకు మీకు 200, 300 ఎంబీపీఎస్ దాకా వేగం ఇస్తుండాలి. అంత వేగం మీకు దేనికి? టీవీలో మంచి నాణ్యతతో సినిమా చూడటానికి 5 ఎంబీపీఎస్ చాలని, అంతకన్నా ఎంతో స్పష్టంగా ఉండే 4కేలో చూడాలంటే 15 కావాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. అబ్బాయి వీడియో మీటింగుకు ఐదు కూడా అక్కర్లేదు. నలుగురూ ఒకేసారి వాడినా 100 ఎంబీపీఎస్‌లో సగం మిగులుతుంది. 999 నుంచి 699 ధర ప్లానుకు దిగితే నెలకు 354, ఏడాదికి 4,248 రూపాయలు.

‘వేగం తగ్గిస్తే మీటింగు మధ్యలో ఆగిపోతుంది’ అని అబ్బాయి అంటాడు. ఇప్పుడు కూడా ఆగుతూనే ఉంటుంది, చూడండి. ఎక్కువ ఇళ్లలో లోటు ప్లానులో ఉండదు, పెట్టె పెట్టిన చోటులో ఉంటుంది. తీగ తెచ్చిన కుర్రాడు తనకు సులువుగా ఉన్న చోట, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు పైన మేకు కొట్టి పోతాడు. లేదా అందంగా కనిపించదని మనమే దాన్ని షోకేసులో స్టీలు గిన్నెల వెనక దాస్తాం. మూడు గోడలు దాటి పడకగదికి చేరేసరికి 300 కాస్తా 20 అవుతుంది. ఒక ఆదివారం అబ్బాయి చేత ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా పెట్టెకు కలిపి వేగం చూడమనండి, తరువాత తన గదిలో వైఫై మీద చూడమనండి. రెంటికీ చాలా తేడా ఉంటే పెట్టెను హాలు మధ్య గోడకు, కాస్త ఎత్తులోకి మార్పించండి. నాలుగు మీటర్ల తీగ ఖర్చు, అంతే. ఆ తరువాతే ప్లాను దించండి.

‘మా అపార్టుమెంటుకు ఒక్క కంపెనీ తీగే వస్తుంది’ అని మీ సంఘం వాళ్లు అంటే, ఈసారి మీటింగులో ఎందుకని గట్టిగా అడగండి. పోటీ లేని చోట ధర ఎప్పుడూ కిందికి దిగదు.

ల్యాండ్‌లైను విషయంలో నేను మీవారి పక్షమే. ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం మీ మామగారిది. కనెక్షను వచ్చిన రోజు వీధి వీధంతా వచ్చి చూసిపోయి ఉంటుంది. ఊళ్లో నంబర్లన్నిటికీ ముందు 2 చేరి ఎనిమిది అంకెలైన రోజుల్లో పాత డైరీలో ఆ 2ను ఎర్ర సిరాతో దిద్దుకున్నది ఆయనే కావచ్చు. అలాంటి నంబరును 350 రూపాయల కోసం వదిలేయమని నేను చెప్పను. కాని నంబరు వేరు, రాగి తీగ వేరు. ఆ నంబరును అలాగే ఉంచి ఫైబర్ మీదికి మార్చుకునే వీలు బీఎస్ఎన్ఎల్‌లో ఉంది. అప్పుడు ఫోను, ఇంటర్నెట్ ఒకే తీగ మీద, ఒకే బిల్లులో వస్తాయి. ల్యాండ్‌లైను కోసం విడిగా కట్టే 350, ఏడాదికి 4,200, మిగులుతుంది. సెల్‌ఫోను నంబరులా ల్యాండ్‌లైను నంబరును వేరే కంపెనీకి మోసుకుపోలేం కనుక ఈ నంబరు ఉండాలంటే ఈ దారే.

దీనిలో రెండు ముళ్లున్నాయి. రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఇంట్లో దీపాలు పోయినా అది మోగేది. ఫైబర్ ఫోను అలా కాదు, పెట్టెకు కరెంటు లేకపోతే మూగబోతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే పెట్టెను దానికి కలిపించండి. లేదంటే రెండు వేల లోపు దొరికే చిన్న యూపీఎస్ కొనండి, వైఫై కూడా ఆగదు. రెండో ముల్లు, ఏ కంపెనీ ఫైబర్ అయినా దాని మంచిచెడ్డలు మీ వీధిలో తీగ చూసే మనిషిని బట్టి ఉంటాయి. మీ వరుసలో ఎవరింట్లో ఆ కనెక్షను ఉందో కనుక్కోండి. తీగ తెగితే ఎన్ని గంటల్లో వస్తారని ఆ ఇంటివాళ్లను అడగండి, కంపెనీని అడిగి లాభం లేదు. అబ్బాయి ఉద్యోగం దీనిమీద నడుస్తోంది కనుక కొత్తది వేయించాక ఒక నెల రెండూ ఉంచి, కుదురుగా ఉందనిపిస్తేనే పాతది మూయించండి. ఆ ఒక్క నెల రెండు బిల్లులు కట్టడం నష్టం కాదు. వేగం తగ్గించినా, కంపెనీ మార్చినా ఇంటర్నెట్ బిల్లు ఒక్కటే కనుక, మారేటట్లయితే 699 చుట్టుపక్కల ప్లానునే అక్కడా అడగండి.

అబ్బాయి ఫోను జోలికి వెళ్లవద్దన్నది ఇందుకే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయిన తరువాత విద్యుత్ శాఖ వాళ్లు నగరంలో స్తంభాల మీద వేలాడే నల్ల తీగలను తెగ్గోసుకుంటూ పోయారు. ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. అలాంటి రోజున మీ ఇంటిని నడిపేది అబ్బాయి ఫోనులోని డేటాను అందరికీ పంచే హాట్‌స్పాటే. ఇంట్లో ఒక్క ఫోనుకైనా పుష్కలంగా డేటా ఉండాలి.

టీవీ. ఒక రాత్రి పొయ్యి కట్టేసి వచ్చాక రిమోటు, కాగితం, కలం పట్టుకుని కూర్చోండి. వారం రోజుల్లో మీరు నిజంగా చూసిన చానెళ్లు రాయండి. స్టార్ మా, జీ తెలుగు, ఈటీవీ, జెమినీ, మీవారికి ఒకటి రెండు వార్తలవి, తెల్లవారుజామున సుప్రభాతానికి ఎస్వీబీసీ. పది దాటితే ఆశ్చర్యమే. మీ బిల్లులో మాత్రం కనీసం రెండొందలు ఉంటాయి. డిష్షు బిల్లులో మూడు ముక్కలు ఉంటాయి: చానెల్ దేనికి ఎంత, వాటిని మీ ఇంటికి చేర్చినందుకు నెట్‌వర్క్ రుసుము, ఈ రెండింటి మీద 18 శాతం పన్ను. 200 చానెళ్లకు ఆ రుసుము పన్ను కాకుండా 130 రూపాయలు దాటకూడదని ట్రాయ్ గతంలో హద్దు పెట్టింది. 2024 జులైలో ఆ హద్దు ఎత్తేసి కంపెనీల ఇష్టానికి వదిలింది. అందుకని మీ కంపెనీ ఇప్పుడు ఎంత వేస్తోందో అడిగి రాసుకోండి.

చానెళ్లను విడిగానూ కొనుక్కోవచ్చు, ప్యాకేజీగానూ కొనుక్కోవచ్చు. ప్యాకేజీలో చేర్చే ఏ చానెల్ విడి ధరా 19 రూపాయలు దాటకూడదని నియమం. ఎస్వీబీసీకి, వార్తా చానెళ్లలో చాలావాటికి ధరే లేదు. నాలుగు పెద్ద తెలుగు చానెళ్లు విడిగా తీసుకుంటే పన్ను కాకుండా 80 రూపాయల లోపే. మీకు అమ్మిన ప్యాకేజీలో హిందీ సీరియళ్లు, ఇంగ్లీషు సినిమాలు, పిల్లలు లేని ఇంటికి కార్టూన్లు కూడా కలిపి ఉంటారు. రెండో టీవీ సంగతి మరీ చిత్రం. దానికి మొదటి టీవీ చానెళ్లే ఉండాలని ఎక్కడా లేదు, వేరుగా ఎంచుకునే హక్కు మీకుంది. పడకగదిలోది పాత చిన్న టీవీ అయితే హెచ్‌డీ చానెళ్లకు పెట్టే అదనపు డబ్బు వృథా, ఆ తెరమీద తేడా మీకూ తెలియదు, నాకూ తెలియదు. అసలు ఆ టీవీ చూస్తున్నదెవరో కూడా కనుక్కోండి. చాలా ఇళ్లలో రెండో టీవీ బీరువా పక్కన దుమ్ము కొట్టుకుంటూనే బిల్లు కడుతుంటుంది.

నెలా రెండు నెలలు ఊరు వెళ్లేటప్పుడు డిష్షు కంపెనీకి ముందే చెప్పి తాత్కాలికంగా ఆపించవచ్చు. ఎవరూ అడగరు కనుక వాళ్లూ చెప్పరు.

మీ సీరియళ్లు ఎక్కడికీ పోవు, వాటికి రెండు దారులున్నాయి. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినీవి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో ఉంటాయి. అబ్బాయి కట్టే 449లో వీటిలో ఏవి ఉన్నాయో చూడండి. ఇంటర్నెట్ ప్లానుతో ‘ఉచితంగా’ వచ్చిన ఓటీటీకే మళ్లీ విడిగా డబ్బు కడుతున్న ఇళ్లు నేను చాలా చూశాను. అలా అని డిష్షు తీసేసి అంతా ఓటీటీల్లోనే చూడమని మీకు చెప్పను. కూర్చోగానే మొదలయ్యే సీరియల్ చూసే సుఖం వేరు, నాలుగు యాప్‌లలో వెతుక్కుని నొక్కే చికాకు వేరు. పిల్లలవి మాత్రం ఒక నెలకు ఒక్క ఓటీటీ అనుకోమనండి. చూడాల్సినవి చూసేసి, ఆపి, మరో నెల మరొకటి. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట నొక్కితే ఎవరెవరు ప్రతి నెలా డబ్బు లాగుతున్నారో వరుసగా కనిపిస్తారు. డబ్బు తీసుకునే ముందు రోజే కబురు పంపాలని రిజర్వు బ్యాంకు 2021 నుంచి నియమం పెట్టింది. కబురు వస్తుంది, మనమే చదవం.

పాతవి మూయించేటప్పుడు మాత్రం కాగితం లేకుండా ఏ పెట్టె చేతికివ్వకండి. నేను మలక్‌పేట నుంచి ఇల్లు మారినప్పుడు ఒక కంపెనీ ఇంటర్నెట్ మూయించాను. పెట్టె తీసుకుపోవడానికి వచ్చిన కుర్రాడిని రసీదు అడిగితే ‘కంప్యూటరులో ఎక్కుతుంది సార్’ అన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి, గుమ్మంలో నిలబెట్టి పెట్టె వెనక ఉన్న నంబరు కనిపించేలా, అతని చేతిలో పెట్టె ఉండగా ఫొటో తీశాను. మూడు నెలలకు పెట్టె ఇవ్వలేదు కనుక 2,500 కట్టమని నోటీసు వచ్చింది. ఆ ఒక్క ఫొటో పంపితే మళ్లీ మాట్లాడలేదు. మీరూ అలాగే చేయండి, డిపాజిట్టు ఎంత ఉందో, ఎప్పటికి తిరిగిస్తారో మెయిల్‌లో రాయించుకోండి. కంపెనీ ఫిర్యాదు నంబరులో పని కాకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, వారికి రాయాలి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. ట్రాయ్‌కి రాసి ఎదురుచూడకండి, విడి మనుషుల ఫిర్యాదులు అది చూడదు.

అబ్బాయికి ఎలా చెప్పాలన్న బెంగ మీ ఉత్తరంలో వినిపించింది. తగ్గించమని చెప్పకండి, పని అప్పజెప్పండి. వేగం కొలిచే పని, ఆటోపేలు చూసే పని అతనిదే. కోడలి ఫోనుకు ఏ ప్లాను కావాలో ఆమెనే తేల్చుకోనివ్వండి, రోజూ ప్రయాణంలో ఆమెకు డేటా అవసరం ఉంటుంది. ల్యాండ్‌లైను పని మాత్రం మీవారికి వదలండి. ఎక్స్ఛేంజికి ఆయననే వెళ్లి, నంబరు మారదని దరఖాస్తు మీద రాయించుకుని రమ్మనండి. ఆ కాగితం ఇంటికి వచ్చాకే పాత తీగ విప్పనివ్వండి. పాత ఫోను పెట్టెను పారేయవద్దని కూడా చెప్పండి, కొత్త ఫైబర్ పెట్టె వెనక ఫోను కోసం ఉన్న రంధ్రంలో దాని తీగ పెడితే అదే మళ్లీ మోగుతుంది.